కేతిగాడి సాక్ష్యం

తామ్రగిరి రాజ్యానికి ఒక గొప్ప గర్వం ఉండేది. దాని కష్టం కూడా అదే. న్యాయసభ నడుమ ఒక రాతిసింహం ఉండేది. సాక్షి ఎవరైనా దాని పంజా మీద చెయ్యి వేసి మాట్లాడాలి. నిజమైతే సింహం ఊరుకుంటుంది, అబద్ధమైతే గుర్రుమంటుంది. గుర్రుమన్నాక ఇక విచారణ లేదు, శిక్షే.

ఆ రాజ్యంలో కొండవాలున మసివాడ అనే పేట ఉంది. అక్కడివాళ్ళు తరతరాలుగా బొగ్గు కాల్చి బతికేవాళ్ళు. వాళ్ళ ఒళ్ళు నలుపు. కడిగితే పోయే మసి కాదది, పుట్టుకతో వచ్చిన రంగు. నూరేళ్ళుగా మసివాడ మనిషి ఎవరు చెయ్యి వేసినా సింహం గుర్రుమంటూనే ఉంది. "రాయికి కళ్ళే లేవు, ఇక రంగెలా చూస్తుంది? వాళ్ళే అబద్ధాలకోరులు" అనేవారు ధర్మాధికారులు. అందుకని బడిలో పంతులు మసివాడ పిల్లల్ని వసారాలో కూర్చోబెట్టేవాడు. కోటవాకిట్లో భటులు వాళ్ళ మూటలే విప్పి చూసేవారు. అడిగితే, సింహమే చెబుతోంది కదా అనేవారు! నాకైతే తలుచుకుంటేనే ఒళ్ళు మండుతుంది.

ఒకనాడు రాజుగారి చందనవనం అంటుకుంది. మంట ఆరేసరికి అక్కడ నిలబడి ఉన్నవాడు మసివాడ కోటయ్య. భటులు అతన్ని సభకు ఈడ్చుకొచ్చారు. "ఒరే కోటిగా! రారా!" అని బంట్రోతు దండపాణి కేకేశాడు. కోటయ్య పంజా మీద చెయ్యి వేసి, "నేను నిప్పు పెట్టలేదు బాబూ, ఆర్పాను" అన్నాడు. సింహం గుర్రుమంది. పదిహేను రోజుల్లో ఓడ ఎక్కించి, వెళ్ళినవాడు తిరిగిరాని ఉప్పులంకకు పంపాలని తీర్పు వచ్చింది.

కోటయ్యకు ఒక్కతే కూతురు, అంకమ్మ. పద్నాలుగేళ్ళ పిల్ల. బడి పట్టీలో ఆమె పేరు అంకి. తండ్రి చేతులకు సంకెళ్ళు వేస్తుంటే చూసి వలవలా ఏడ్చింది. పేట పెద్దలు ఓదార్చబోయారు. "ఏ రాక్షసుడో మన మీద శాపం పెట్టాడే తల్లీ. మన రాత ఇంతే" అన్నారు.

అంకమ్మ కళ్ళు తుడుచుకుంది. "శాపమైతే పెట్టినవాడు ఒకడుంటాడు కదా! వాణ్ణే పట్టుకుని విప్పిస్తాను" అంది. ఇంత అటుకుల మూట కట్టుకుని అడవిదారి పట్టింది.

మూడు రోజులు నడిచాక ఒక గుహ కనబడింది. లోపలినుంచి పొగ, పొగతోపాటు దగ్గు. ఉల్కాముఖుడనే రాక్షసుడు కళ్ళు నులుముకుంటూ బయటకు వచ్చాడు. తాటిచెట్టంత మనిషి!

"మా మసివాడ మీద శాపం పెట్టింది నువ్వేనా?" అని నిలదీసింది అంకమ్మ.

రాక్షసుడికి రోషం వచ్చింది. "ఒసేయ్ పిల్లా! ఆకలేస్తే మనిషిని మింగుతాను, కాదనను. కానీ ఒక పేట మొత్తాన్ని నూరేళ్ళపాటు ఏడిపించే ఓపిక నాకెక్కడిది? అది రాక్షసుల పని కాదు. అయినా నా బాధలో నేనున్నాను. ఈ గుహ కింద ముప్ఫై ఏళ్ళుగా నిప్పు రగులుతోంది. ఎన్ని నీళ్ళు పోసినా ఆరి చావదు."

అంకమ్మకు నవ్వొచ్చింది. "నీళ్ళు పోస్తే పైన ఆవిరి లేస్తుంది, లోపలి నిప్పుకేమవుతుంది? గాలి దూరే బెజ్జాలన్నీ వెతికి తడిమట్టి మెత్తాలి. మా బొగ్గుబట్టీలు ఆర్పేది అలాగే" అంది. ఇద్దరూ కలిసి రెండు రోజులు మట్టి మోసి మెత్తారు. మూడోనాటికి పొగ ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళ తరవాత ఉల్కాముఖుడు గుండెనిండా గాలి పీల్చుకున్నాడు.

"సింహాన్ని చెక్కిన శిలమ్మ ఇంకా బతికే ఉంది. స్ఫటికకొండ మీద ఉంటుంది. పద, వంతెనదాకా దింపుతాను" అని అంకమ్మను భుజానికెత్తుకున్నాడు.

కొండకు ఇవతల పెద్ద లోయ, దాని మీద గాజు వంతెన. వంతెన మొదట్లో ఒక తెల్లని ఎలుగుబంటి కూర్చుని ఉంది. "అంకమ్మగారూ, దయచేయండి" అంది.

అంకమ్మ వెనక్కి తిరిగి చూసింది, వెనక ఏ పెద్దావిడ వచ్చిందోనని.

"మిమ్మల్నేనమ్మా! ఈ వంతెన దాటేవాళ్ళందరినీ ఇలాగే పిలుస్తాను. నడుమకు వెళ్ళి ఒక నిజం చెప్పండి. అబద్ధమాడితే వంతెన విరిగిపోతుంది."

అంకమ్మ నడుమకు వెళ్ళి, "మా నాన్న నిప్పు పెట్టలేదు" అంది. వంతెన కిర్రుమని కూడా అనలేదు. ఆ మాట అంత గట్టిగా, తడబడకుండా తన నోటినుంచి రావడం ఆమెకే ఆశ్చర్యమనిపించింది.

కొండ మీద నూట ఇరవయ్యేళ్ళ శిలమ్మ ఉలి పట్టుకుని కూర్చుని ఉంది. అంకమ్మ చెప్పిందంతా విని తలపట్టుకుంది. "కళ్ళుంటే రంగు చూస్తుందని కళ్ళు చెక్కలేదే! చెవులొక్కటే చెక్కాను. పంజా మీద చెయ్యి పడితే చాలు, నిజం దానికి వినబడాలి మరి!"

అంకమ్మ కాసేపు ఆలోచించింది. ఎలుగుబంటి పిలుపు ఇంకా చెవుల్లోనే ఉంది. "అవ్వా, సాక్షి నోరు విప్పకముందే సింహం చెవిన పడే మాట ఒకటుంది. బంట్రోతు పిలుపు. పట్నంవాళ్ళను గారు అంటాడు. మమ్మల్ని గాడు అంటాడు."

శిలమ్మ ఉలి కింద పెట్టేసింది. "అయ్యో! చెక్కిన కొత్తలో అది పసిబిడ్డతో సమానం. గాడు అనిపించుకున్నవాళ్ళను శిక్షిస్తున్నారనీ, గారు అనిపించుకున్నవాళ్ళను వదిలేస్తున్నారనీ విని విని అదే న్యాయమనుకుంది."

"అయితే దానికి నేర్పిందెవరు?"

"పనిగట్టుకుని ఎవరూ నేర్పలేదు తల్లీ. అందరూ నేర్పారు. వెళ్ళు, ముందు మనుషులకు చూపించు."

పదిహేనో రోజు పొద్దున్నే ఉల్కాముఖుడు అంకమ్మను కోటవాకిట్లో దింపాడు. ఆ రోజు ఆమె మూట ఎవరూ విప్పలేదు. విప్పడానికి భటులుంటే కదా!

ఓడ ఎక్కించే ముందు ఖైదీ తరఫువాళ్ళు ఒక్క కోరిక కోరవచ్చని ఆ దేశపు ఆచారం. అంకమ్మ సభలో నిలబడి, "మహారాజుగారు సాక్షిగా రావాలి. మమ్మల్ని ఎలా పిలుస్తారో ఆయన్నీ అలాగే పిలవాలి" అంది. సభ గొల్లుమంది. కేతవర్మ మహారాజుకు తన సింహం మీద కొండంత నమ్మకం. "రాయికి పిలుపుతో పనేమిటి? కానివ్వండి" అన్నాడు.

పాపం దండపాణి కళ్ళు గట్టిగా మూసుకుని, "ఒ... ఒరే కేతిగా! రారా!" అని అరిచాడు.

రాజు నవ్వుకుంటూ పంజా మీద చెయ్యి వేశాడు. "నా పేరు కేతవర్మ. నేను ఈ రాజ్యానికి రాజును" అన్నాడు.

సింహం గుర్రుమంది.

రాజు ముఖం పాలిపోయింది. "ఈసారి కేతవర్మ మహారాజుగారు అని పిలిపించుకుని ఒక అబద్ధం ఆడండి" అంది అంకమ్మ. అలాగే పిలిచారు. "నాకు మూడు కాళ్ళున్నాయి" అన్నాడు రాజు. సింహం కిమ్మనలేదు.

ధర్మాధికారి భానుగుప్తుడు లేచాడు. "అయితే మాత్రం ఈ కోటయ్య నిర్దోషి అని ఎలా తేలుతుంది?"

"అదీ ప్రశ్నంటే! ఆ ప్రశ్న పదిహేను రోజుల కిందట ఎందుకు వేయలేదండీ?" అంది అంకమ్మ. "మా నాన్న అరచేతులు చూడండి, బొబ్బలు. వనంలో నిప్పు మీద కప్పిన మట్టి చూడండి. తగలబెట్టినవాడు మట్టి కప్పుతాడా?"

వెనకనుంచి వనం తోటమాలి గొంతు సవరించుకున్నాడు. "పిడుగు పడి అంటుకుంది ప్రభూ. కోటయ్య మట్టి మోయడం నేను కళ్ళారా చూశాను. నన్నెవరూ అడగలేదు. సింహం గుర్రుమన్నాక ఇంకేం అడుగుతారు?"

రాజు తానే దిగివచ్చి కోటయ్య సంకెళ్ళు విప్పాడు. కూతురు తండ్రిని కరచుకుపోయింది. రాజు మెడలోని ముత్యాలహారం తీసి ఆమెకివ్వబోతే, "హారం వద్దు ప్రభూ, ఆ ఓడ ఇవ్వండి. ఉప్పులంకలో మావాళ్ళున్నారు" అంది.

ఆ తరవాత బడి వసారా ఖాళీ అయింది, పిల్లలందరూ లోపల ఒకే చాప మీద కూర్చున్నారు. ధర్మాధికారులు తమ నోటితో అడిగి, తమ కళ్ళతో చూసి తీర్పు చెప్పడం మొదలుపెట్టారు. పెద్దయ్యాక అంకమ్మే ప్రధాన ధర్మాధికారి అయింది. అదంతా తరవాతి మాట. ఓడ తిరిగొచ్చిన రోజు సంగతి చెప్పి ముగిస్తాను.

ఓడలోంచి మూడువందల పన్నెండుమంది దిగారు. రేవంతా కౌగిలింతలు, ఏడుపులు, నవ్వులు. తిరిగిరాలేనివాళ్ళ పేర్లు కూడా అంకమ్మ రాయించి తెప్పించింది. వాటిని పిలవాల్సింది బంట్రోతు కాదు, తానేనన్నాడు రాజు. న్యాయసభ మెట్ల మీద నిలబడి పొద్దుటినుంచి ఒక్కొక్క పేరే గారు చేర్చి పిలిచాడు.

"సూరయ్యగారూ!" అని పిలవగానే, గుంపులోంచి ఒక ముసలమ్మ లేచి నిలబడింది. సభలో పిలుపుకు బదులు చెప్పడం మర్యాద కదా.

"ఆయన రాలేరు బాబూ" అంది.

రాజు ఆమెకు చేతులు జోడించాడు. ఆపైన తరవాతి పేరు పిలిచాడు.