బొగ్గుబాయి ఇంటి కోడలు

కలిపిన అన్నం పళ్ళెంలో అలాగే ఉంది. రాజలింగు చేయి కడుక్కొని లోపలికి వెళ్ళి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. వయసంతా బొగ్గుబాయిలో, గని పనికే ధారపోసి, ఊపిరి సరిగా ఆడక ఇప్పుడు ఇంటిపట్టునే ఉంటున్న మనిషి... అన్నం ముందు నుంచి ఆయన లేచిపోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ చూడలేదు!

అదంతా మనవరాలు కావ్య అన్న ఒక్క మాటతో వచ్చింది. నాలుగో తరగతి చదివే పిల్ల. తాత పక్కన కూర్చొని తింటూ, "తాతా, నువ్వు భూమికి పొక్కలు పెట్టి పాడుచేసినవట గద. బొగ్గు భూతమట. మా కేంద్రంల బొమ్మ గూడ గీసినం" అని నవ్వుతూ చెప్పింది.

ఆ కేంద్రం గని కార్మికుల కాలనీ చివర పాత క్లబ్బు భవనంలో ఉంది. దాతల సాయంతో నడిచే చిన్న సంస్థ. బడి వదిలాక పిల్లలకు మొక్కలు పెంచడం, వంటింటి చెత్తతో ఎరువు చేయడం, నీళ్ళూ కరెంటూ పొదుపుగా వాడటం నేర్పుతారు. నేర్పేది ఎవరో కాదు, కావ్య తల్లి శ్యామల. రాజలింగు కోడలు.

బుచ్చవ్వ మగని పళ్ళెం తీస్తూ కోడలి వైపు చూసింది.

"ఏం నేర్పినవ్ శ్యామలా పోరికి? గా బొగ్గు తవ్వే గద మీ మామ నీ పెనిమిటిని సాదింది. గిప్పుడు నీ పెనిమిటి తెచ్చే జీతం గూడ గా బాయిలకెల్లే వస్తున్నది. తినేది బొగ్గు కూడు, తిట్టేది బొగ్గునా?"

"అత్తా, మామను గట్ల అనుమని నేను చెప్పలే..."

"చెప్పాల్నా? భూతం బొమ్మ గీపిచ్చింది నువ్వే గద. రేపటిసంది ఆడికి పోకు. చెట్లంటే గంత పాణమైతె మన వాకిట్ల పెట్టుకో."

భర్త విజయేందర్ డ్యూటీ నుంచి వచ్చి సంగతి విన్నాడు. "అవ్వ అన్నదాంట్ల తప్పేమున్నది?" అని స్నానానికి వెళ్ళిపోయాడు.

శ్యామలకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మంథని దగ్గర వరి పొలాల మధ్య పెరిగిన పిల్ల. పెళ్ళై వచ్చిన కొత్తలో పక్కింటివాళ్ళు పలకరిస్తే తల వంచుకునేది. అలాంటి ఆమెను మొదటిసారి 'టీచర్' అని పిలిచింది ఆ కేంద్రం పిల్లలే. ఆ పిలుపు లేకుండా రేపు సాయంత్రం ఎలా గడుస్తుంది? అయినా అంతకంటే ఎక్కువగా గుచ్చుకున్నది మామ వదిలేసిన అన్నం. బొగ్గు పొగ సంగతి ఆమె చెప్పింది, అబద్ధం కాదు. కానీ ఆ బొగ్గును పైకి తెచ్చిన మనిషి ఇంట్లోనే ఉన్నాడన్న సంగతి తనకెందుకు గుర్తు రాలేదు?

తెల్లారి చాయ్ పట్టుకొని మామ మంచం దగ్గరికి వెళ్ళింది.

"మామా, తప్పు నాదే. ఆదివారం కేంద్రంల పిల్లల పండుగ ఉన్నది. నేను మాట్లాడాలె. గా ఒక్క పని చేసి మానేస్త. నువ్వు ఒక్కపారి రావాలె."

"నన్ను నిలబెట్టి, భూతం గిట్లుంటదని చూపెడ్తవా బిడ్డా?"

"నన్ను నమ్ము మామా..." అన్నది. ఆయన చాయ్ గ్లాసు అందుకొని గోడవైపు తిరిగాడు.

ఆదివారం శ్యామల మైకు పట్టుకునేసరికి కావ్య తాతను చెయ్యి పట్టుకొని తీసుకొచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టింది. వెనకే బుచ్చవ్వ. "మాట తేడా వచ్చిందా, మీ మామను ఇంటికి తీస్కపోత" అన్నట్టుంది ఆమె ముఖం.

శ్యామల మామ ముఖం చూసి మెల్లగా మొదలుపెట్టింది.

"నేను బొగ్గుబాయి ఇంటి కోడల్ని. బొగ్గు పొగతోని భూమి వేడెక్కుతున్నదని ఈ పిల్లలకు చెప్పిన. గది నిజమే, రేపు గూడ చెప్పాల్సిందే. కని బొగ్గును భూతం చేసిన నాడు అది తవ్విన మనిషిని మర్చిపోయిన. మా మామ చీకట్లకు దిగితేనే మన ఇండ్లల్ల కరెంటు బుగ్గ వెలిగింది. బాయిల పైకప్పు కూలి పక్కన పనిచేసే సోపతిగాళ్ళు పోయినా, ఆయన మల్ల దిగిండు. ఆయన తవ్విండు, మనందరం కాల్చినం. తప్పుంటే మనందరిది. ఆయన వంతు పని ఆయన చేసిండు పిల్లలూ. ఎండతోని, గాలితోని బుగ్గ వెలిగిచ్చుడు ఇగ మన వంతు."

రాజలింగు కుర్చీ పట్టుకొని లేచాడు. ఊపిరి కూడదీసుకున్నాడు.

"బాయిలకెల్లి పైకొచ్చి ఎండ జూస్తె నాకు పాణం లేచొచ్చేది. నా కొడుకు గూడ గా చీకట్లనే పనిజేస్తుండు. నా మనవరాలు ఎండల నిలబడి పనిజేస్తె నాకు గంతకన్న ఏం గావాలె? మా కోడలు చెప్పేది నేర్చుకోండ్రి."

చప్పట్ల మధ్య కావ్య తాత నడుము చుట్టేసి ముఖం దాచుకుంది. ఆయన దాని తల నిమిరాడు.

పండుగ అయిపోయింది. ఇచ్చిన మాట ప్రకారం శ్యామల కేంద్రం తాళంచెవి తీసి, కేంద్రాన్ని నడిపే అనసూర్య మేడం చేతిలో పెట్టింది. "రేపటిసంది రాలేను మేడం" అన్నది, తల ఎత్తకుండానే. అటుగా పోతున్న పక్క క్వార్టర్ మమతారాణి బుచ్చవ్వను చూసి నవ్వింది.

"నీ కోడలు మైకు రుచి మరిగింది వదినా. ఇగ మీ ఇంట్ల మాపటికి వండేదెవరు?"

"నాకు చేతుల్లేవా? నేను వండుత" అన్నది బుచ్చవ్వ. "మా కోడలికి పిల్లలకు చెప్పే పనున్నది."

అంటూనే అనసూర్య చేతిలోని తాళంచెవి తీసుకొని కోడలి అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. శ్యామలకు కన్నీళ్ళు ఆగలేదు.

"మైకుల గంత మంచిగ మాట్లాడి, గిప్పుడు గొంతు పోయిందానే? నడువు" అన్నది బుచ్చవ్వ. జనం మధ్యలోంచి కోడలి భుజం మీద చెయ్యి వేసుకొని, అందరూ చూసేటట్టు నడిచింది.