తొమ్మిది సెంటీమీటర్ల దూరం

రమ్మన్నది ఏడున్నరకి. వచ్చింది ఎనిమిదింపావుకి.

2008 జనవరి పొగమంచులో, నోయిడా నుంచి షేర్ ఆటోలో ఇరుక్కుని వచ్చి, ఇందిరాపురంలోని ఆ చిన్న కంటి క్లినిక్ షట్టరు తనే ఎత్తి, హీటరు ముందు చేతులు చాపుకుని ముప్పావుగంట కూర్చుంది, అక్కడ కంటి పరీక్షలు చేసే ఎల్సా. తిట్టడానికి మాటలన్నీ సిద్ధం చేసుకుంది. తీరా చూస్తే, తొమ్మిదేళ్ళ పిల్లను వెంటబెట్టుకొచ్చిన ఆ మనిషి పక్క కుర్చీలో కూలబడి 'సారీ' అనబోయి సగంలోనే నిద్రపోయాడు.

"మామది నైట్ షిఫ్ట్ కదా దీదీ," అంది ఆ పిల్ల. పేరు జెనీఫర్. "క్యాబ్ ఫాగ్‌లో ఫస్ గయీ."

"నథానియేలు గారూ!"

"థాంక్యూ ఫర్ కాలింగ్, హౌ మే ఐ..." అంటూ ఉలిక్కిపడి లేచాడు. ఎదురుగా ఎల్సా ముఖం చూసి నాలిక కరుచుకున్నాడు.

"పాప లెన్సులు పెట్టుకుని పడుకున్న మొదటి రాత్రి కదండీ. లేచిన వెంటనే, లెన్సులు కళ్ళలో ఉండగానే చూడాలని చెప్పానా లేదా?"

"చెప్పారండి. నోట్ చేసుకున్నానండి. క్యాబ్ డ్రైవర్‌కి చెప్పడమే కుదరలేదు, రోడ్డే కనబడలేదతనికి."

నవ్వు రాబోతే ఎల్సా ఆపుకుంది. పొద్దున్నే నవ్వే ఓపిక ఆమెకు లేదు.

పెద్దవాళ్ళు షోకుకి పెట్టుకునే లెన్సులు కావవి. గట్టివి. రాత్రంతా నిద్రలో నల్లగుడ్డును సుతారంగా ఒత్తి ఉంచుతాయి. పొద్దున్న తీసేస్తే పగలంతా కళ్ళజోడు అక్కర్లేదు. పిల్లల్లో నంబరు పెరగడం కూడా వీటితో నెమ్మదిస్తుందని ఈమధ్యే అంటున్నారు. క్లినిక్ నడిపే డాక్టర్ రంగనాథ్ గారికి ఆ మాట మీద నమ్మకం తక్కువ, భయం ఎక్కువ. "ఒక్క కన్ను ఎర్రబడినా ఇవి మన దగ్గర బంద్, ఎల్సా," అని ముందే చెప్పారు.

ఆయన్ను ఒప్పించడానికి ఆమెకు ఏడాది పట్టింది. అంత పట్టుదల ఎందుకంటే కారణం ఆమె ముక్కు మీదే ఉంది. మైనస్ పదకొండు నంబరు కళ్ళజోడు. అద్దాల వెనక కళ్ళు చింతగింజలంత కనిపిస్తాయి. సంబంధాలవాళ్ళు ఫోటో చూసి, "కళ్ళజోడు లేనిది ఒకటి పంపిస్తారా?" అని మర్యాదగా అడుగుతారు. నాలుగో సంబంధం తర్వాత ఆమె ఫోటోలు పంపడం మానేసింది. ఇరవై తొమ్మిదేళ్ళకి కోపం పోయి ఉత్త అలసట మిగిలింది.

జెనీఫర్‌కి అప్పుడే మైనస్ నాలుగు. ఏడాదికొక నంబరు చొప్పున పెరుగుతోంది. ఆ వయసులో ఎల్సాదీ అంతే. ఈ పిల్లకి మాత్రం తన గతి పట్టకూడదని ఆమె గట్టిగా అనుకుంది.

"నంబర్ అంటే క్యా దీదీ?"

ఎల్సా సొరుగులోంచి స్కేలు తీసింది. "వందని నీ నంబరుతో భాగించు."

"పచ్చీస్!"

"కళ్ళజోడు తీస్తే ఇరవై ఐదు సెంటీమీటర్ల దాకానే నీకు స్పష్టంగా కనబడుతుంది. అది దాటితే అంతా ఇవాళ్టి పొగమంచే."

"ఔర్ ఆప్‌కా?"

"పదకొండు."

పిల్ల వేళ్ళ మీద లెక్కేసి, స్కేలు మీద తొమ్మిది దగ్గర గోరు పెట్టింది. "బస్, ఇత్‌నా?" అని జాలిపడింది.

మళ్ళీ నిద్రపోయాడనుకున్న నథానియేలు ఒక కన్ను తెరిచి ఆ గోరు వైపు చూశాడు.

తర్వాత ప్రతి గురువారం వచ్చారు. ఎప్పుడూ పొద్దున్నే, ఎప్పుడూ అతని కళ్ళు ఎర్రగానే. జెనీఫర్ గోడ మీది అక్షరాలు చదువుతుంటే వాళ్ళిద్దరూ ప్లాస్టిక్ కప్పుల్లో టీ తాగేవాళ్ళు.

"రాత్రంతా ఎవరితో మాట్లాడతారు?"

"ఒహాయోలో ప్రింటర్లు పాడైనవాళ్ళతోనండి. అక్కడ నా పేరు కూడా ఉత్త 'నేట్'."

"నయం, కొంతైనా మిగిల్చారు."

అతను నవ్వాడు. ఆ నవ్వు కోసం గురువారాలు ఎదురుచూస్తున్నానని ఆమెకు మెల్లగా తెలిసొచ్చింది. తెలిసి భయపడింది కూడా.

ఆరో వారం జెనీఫర్ కుడికన్ను ఎర్రగా వచ్చింది. మైక్రోస్కోపులో చూస్తే లెన్సు మీద జిడ్డు పొర.

"ఇవి పెట్టింది మీరేనా?"

"నేనేనండి."

"రాత్రి తొమ్మిదికి?"

"ఆ..."

"మామ క్యాబ్ సాయంత్రం ఏడింటికే వచ్చేస్తుంది కదా," అంది జెనీఫర్ అమాయకంగా.

ఎల్సా ఫైలు తెరిచింది. లెన్సు పెట్టడం ఎవరు నేర్చుకున్నారో వాళ్ళే కాగితం మీద సంతకం పెట్టాలి, రోజూ లెన్సు కూడా వాళ్ళే పెట్టాలి. అది ఆమె పెట్టుకున్న నియమం.

"సంతకం మీది. చేతులెవరివి?"

అతను తల దించుకున్నాడు. "అమ్మవండి. దీని తల్లి, మా అక్క, నర్సు, డ్యూటీ ఎప్పుడు పడుతుందో తనకే తెలీదు. నేను నేర్చుకున్నది అమ్మకి నేర్పాను. అరవై రెండేళ్ళావిడంటే మీరు ఒప్పుకోరేమోనని..."

"నేను మిమ్మల్ని నమ్మానండీ," అంది ఎల్సా. ఫైలు మూసేసింది. "లెన్సులు ఇక్కడ పెట్టి వెళ్ళండి."

జెనీఫర్ సంచిలోంచి పాత కళ్ళజోడు తీసి పెట్టుకుంది. "స్కూల్లో మళ్ళీ చష్మిష్ అంటారు," అని గొణుగుతూ మామ చేయి పట్టుకుని వెళ్ళిపోయింది.

డాక్టరు గారు చుక్కల మందు రాసి, లెన్సులు ఆపేద్దామన్నారు. ఎల్సా బతిమాలింది. "సరే, నీ మాట మీద ఒక్కసారి. మళ్ళీ జరిగితే లేదు," అన్నారాయన. కన్ను తేరుకున్న వారానికి ఆమె ఫోన్ చేసి పొడిగా రెండే మాటలు చెప్పింది. "మీ అమ్మగారిని తీసుకురండి. ఆవిడ ఎలా పెడతారో నేను చూడాలి."

ఆనందకుమారి గారు గంజిపెట్టిన చీర మీద మగవాళ్ళ స్వెట్టరు వేసుకుని వచ్చారు. గోళ్ళు పొట్టిగా కత్తిరించి ఉన్నాయి. సబ్బుతో చేతులు రెండుసార్లు కడిగారు. మందునీళ్ళతో లెన్సు శుభ్రం చేశారు. వేలికొన మీద అది వణక్కుండా నిలబడింది. ఎల్సాకు వంకపెట్టడానికి ఏమీ దొరకలేదు.

అప్పుడావిడ ఎడమచేత్తో పర్సులోంచి చిన్న సీసా తీసి, పంటితో మూత లాగి, "ప్రభువా..." అని కళ్ళు మూసుకుని, లెన్సు మీదికి వంచబోయారు.

ఎల్సా గబుక్కున ఆ చేయి పట్టుకుంది. "అమ్మగారూ! ఏంటది?"

"ప్రార్థన నూనె తల్లీ. మా కాకినాడ పాస్టరు గారు ఉపవాస కూడికలో ప్రార్థించి ఇచ్చారు. నుదుటికి రాస్తే పైపైనే కదా, ఇదైతే తిన్నగా కంట్లోకే పోద్దని."

నథానియేలు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "అమ్మా! రోజూనా?"

"రోజూ అయితే ఏంట్రా, చుక్కే కదా!"

ఎల్సా నవ్వింది. ఎన్నాళ్ళ తర్వాతో, కడుపుబ్బ నవ్వింది. నవ్వుతుండగానే కళ్ళు తడిశాయి. "మా అమ్మ నా కళ్ళజోడుకి రాసేదండి. ప్రతి ఆదివారం. చర్చిలో పాస్టరు గారు నాకెప్పుడూ మబ్బులోంచి మాట్లాడుతున్నట్టే ఉండేది."

పెద్దావిడ ముఖం చిన్నబోయింది. "దేవుడి నూనె పిల్లకి చెరుపు చేసిందా?"

"నూనె మంచిదేనమ్మగారూ. లెన్సుకే పడదు. ముందు నుదుటికి రాసి ప్రార్థన చెయ్యండి. తర్వాత సబ్బుతో చేతులు కడిగి లెన్సు పెట్టండి. దేవుడేమీ అనుకోడు." పాత కాగితం చించి కొత్తది తీసింది. "సంతకం ఈసారి మీరు పెట్టండి." ఆనందకుమారి గారు ఒక్కో అక్షరం కూడబలుక్కుని పెట్టారు.

జూలై వచ్చింది. ఆరు నెలల పరీక్ష రోజు జోరున వాన, కరెంటు లేదు, కింద జనరేటరు రొద. ముగ్గురూ తడిసి ముద్దయి వచ్చారు. ఎల్సా జెనీఫర్ కంటి పొడవు రెండుసార్లు కొలిచింది. నమ్మకం కుదరక మూడోసారి కూడా కొలిచింది.

"పెరగలేదు. ఇంకా రెండు మూడేళ్ళు చూడాలి, హామీ ఇవ్వలేను. కానీ ఈ ఆరు నెలలూ పెరగలేదు." ఆ మాట చెబుతుంటే తన నంబరే తగ్గినంత సంతోషమేసింది. "మళ్ళీ జనవరిలో రండి."

నథానియేలు ముఖం వాడిపోయింది. "అప్పటిదాకా రానక్కర్లేదా?"

"అక్కర్లేదు. హాయిగా నిద్రపోండి."

"నువ్వడుగుతావా, నన్నడగమంటావా?" అన్నారు ఆనందకుమారి గారు కొడుకుతో.

అతను జుట్టులోంచి కారుతున్న నీళ్ళు తుడుచుకున్నాడు. "ఆ రోజు అబద్ధం సగమే జెన్నీ కోసం చెప్పానండి. లెన్సులు ఆగిపోతే మిమ్మల్ని చూడటం ఆగిపోద్దని మిగతా సగం. నాకు మీరంటే ఇష్టం. పెళ్ళి చేసుకుందామండి."

ఎల్సాకు సంతోషమే. కానీ సంతోషం కంటే అలవాటు ముందు మాట్లాడింది. "నా నంబరు తెలుసుగా. రేపు నా పిల్లలకీ ఇదే వస్తుంది. అప్పుడు బాధపడతారు."

"లెన్సులు పెట్టడం నాకొచ్చుగా, మీరే నేర్పారు. సంతకం పెడతాను." అతను ఆగాడు. "ఈసారి చేతులు కూడా నావే."

ఎల్సా తలూపింది.

ఆనందకుమారి గారి సీసా మూత అప్పటికే తెరుచుకుంది. "కళ్ళజోడు తియ్యి తల్లీ. కళ్ళ మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేస్తాను."

పరాయివాళ్ళ ముందు ఎల్సా ఎప్పుడూ తీయలేదు. ఇప్పుడు తనే తీసి ఒళ్ళో పెట్టుకుంది. క్లినిక్ మొత్తం మసకలో కలిసిపోయింది. నుదుటి మీద నూనె చల్లగా తగిలింది. ప్రార్థన పూర్తయి 'ఆమేన్' అన్నాక, ఆ మసకలోంచి పొడుగాటి నీడ ఒకటి కదిలింది.

"ఎంత దగ్గరికొస్తే కనబడతానండి?"

"తొమ్మిది సెంటీమీటర్లే, మామా!" స్కేలు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది జెనీఫర్.

అతను వంగాడు. పెరిగిన గడ్డం, రెప్పల మీద వాననీళ్ళు, కళ్ళ కింద నల్లటి చారలు, అన్నీ ఒక్కసారిగా స్పష్టమయ్యాయి.

"ఎంత అలిసిపోయారండీ!" అంది ఎల్సా మెల్లగా.

"మీరూనండి."

"చాల్లే, వెనక్కి జరగరా. ముందు ఈ అమ్మాయి వాళ్ళమ్మగారితో నన్ను మాట్లాడనీ," అన్నారు పెద్దావిడ.

అతను జరగబోయాడు. ముఖం మళ్ళీ మసకబారుతుంటే, ఎల్సా చేయి చాచి అతని తడి చొక్కా చెయ్యి పట్టుకుంది.