నాన్న గొంతున్న డిస్క్

పొద్దున్నే ఆమె పాలు పొయ్యి మీద పెట్టిందో లేదో, తమ్ముడు పాత ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఊడిపడ్డాడు.

"అక్కా, మా ఇంటి అటక మీద దొరికింది. దీనికి డిస్క్ డ్రైవ్ ఉంది!"

ఆమె స్టవ్ ఆపేసి పరుగున వచ్చింది. ఆ డిస్క్ పెట్టి వినే దారి లేకే కదా, ఏడాదిగా అది బీరువాలో పడి ఉంది.

ఆమె భర్త బస్సు కండక్టరు. వీధి మలుపులో ఉండగానే ఇంట్లోకి వినిపించే గొంతు ఆయనది. గొంతు క్యాన్సర్‌కి ఆపరేషన్ చేస్తే ఇక మాట రాదని డాక్టర్లు తేల్చేసరికి, దానికి ముందే పాపకి చెప్పే కథలన్నీ అప్పటి తమ ల్యాప్‌టాప్‌లో రికార్డు చేశాడు. వాటిని తనే డిస్క్‌లోకి ఎక్కించి, "ఇంకేం భయం లేదు" అంటూ ల్యాప్‌టాప్‌లో అంతా చెరిపేసి, ఆస్పత్రి ఖర్చులకి అమ్మేశాడు.

ట్రే బయటికొచ్చింది. పాప వేళ్ల చివర్లతో డిస్క్ పట్టుకుని జాగ్రత్తగా పెట్టింది. లోపల గిర్రున తిరిగిన చప్పుడు. భర్త మెడ చుట్టూ తువ్వాలు సవరించుకుని, ముఖం వెలిగిపోతుండగా పక్కనే కూర్చున్నాడు.

తమ్ముడు ఒకటి నొక్కాడు. ఇంకోటి నొక్కాడు. వాడి ముఖం వాడిపోయింది.

"బావా... ఇవి కథలు కావు, షార్ట్‌కట్లు. కథలెక్కడున్నాయో చూపించే గుర్తులంతే. అసలువి ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోయాయి."

"అది చెరిపేసి అమ్మేశాం కదరా!"

తమ్ముడు మళ్లీ ఒక్కొక్కటీ నొక్కి చూశాడు.

"ఎక్కించాక ఒక్కసారి పెట్టి చూసుకోవద్దూ?" ఆమె భర్త మీద విరుచుకుపడింది. "ఎవర్నీ అడగరు! అన్నీ మీకే తెలుసు!"

ఆయన నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు. ఇదివరకైతే ఈపాటికి అంతకు రెండింతలు అరిచేవాడు. ఎదురుమాట లేని పోట్లాట ఎంత ఘోరమో ఆమెకి అప్పుడు తెలిసింది.

"నాన్న బస్సు కథ ఎలా చెప్పేవాడమ్మా?" అంది పాప.

ఆయన పాపని ఒళ్లోకి తీసుకుని పెదవులు కదిపాడు. ఆ పెదవులకేసి చూస్తూ ఆమె మాట కలిపింది. "అనగనగా ఒక బస్సు. హారన్ తప్ప దానికన్నీ మోగేవి..."

పాప కిలకిలా నవ్వింది. ఆయన మాత్రం తల అడ్డంగా ఊపి, 'అన్నీ' ఇంకా సాగదీయమని చేత్తో చూపించాడు. ఆమె సాగదీసింది. అలా కాదన్నట్టు మళ్లీ ఊపాడు.

ఆయన ఎలా అనేవాడో గుర్తు తెచ్చుకోబోయింది. చెవుల్లో ఎంత వెతుక్కున్నా తన గొంతే వినిపిస్తోంది.

"ఆగావేం? చెప్పమ్మా!"

ఆమె భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఏడుస్తూనే, తన గొంతుతోనే, కథ ముందుకి నడిపింది.