నగల కంటే ముందు తెరిచిన కళ్ళు

ఉదయం ఏడూ నలభై. అనకాపల్లి బెల్లం మార్కెట్ వెనక వీధి గుడి.

మండపంలో ఉత్తరం గోడ కింద చిత్రకారుడు శ్రీరామచంద్రమూర్తి మాస్టారు చచ్చిపడి ఉన్నాడు. నలభై ఏళ్ళుగా గుళ్ళ గోడలకి బొమ్మలు వేసిన మనిషి. తల వెనక నెత్తురు. చేతిలో నల్లరంగు కుంచె. పైన గోడమీద లక్ష్మీదేవి. ఆమె కళ్ళు ఇంకా తడారలేదు.

ఎస్సై శ్రీదేవి బొమ్మ ముందున్న చెక్కల పరంజా ఎక్కి ఊపి చూసింది. కదల్లేదు.

"ఇంత గట్టిగా ఉంటే ఎలా పడ్డాడు?"

"నా పరంజా ఊగదు మేడమ్," అన్నాడు కాంట్రాక్టర్ తారక్. "ఎవడో నెట్టుంటాడు. నిన్న శిష్యుడు ఈయనతో గొడవపడ్డాడు. పూజారిగారూ విన్నారు."

పూజారి తలూపాడు. ఆరింటికి మాస్టారు వచ్చాడు. తను ప్రసాదం వండడానికి ఇంటికెళ్ళాడు. ఏడూ ఐదుకి తిరిగొచ్చేసరికి శవం ఉందన్నాడు.

శిష్యుడు ధనుంజయ్‌కి ఇరవయ్యారేళ్ళు. ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య తలొంచుకుని నిలబడ్డాడు. అతని తల్లి అప్పలనర్సమ్మ చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది.

"మావోణ్ణి జీపెక్కించేత్తారా అమ్మా? కొడతారా?"

"ఉండమ్మా. గొడవ దేనికి ధనుంజయ్?"

"తారక్‌గారి పరంజా బాలేదు, పని ఆపుదామన్నాను. మాస్టారు తిట్టారు."

"రోజూ ఆరింటికొస్తావు. ఇవాళ?"

"లేచేసరికే ఏడైంది మేడమ్. అమ్మ లేపలేదు."

"నిద్దరోతన్నాడమ్మా. నా కళ్ళారా సూసేను."

"తల్లి మాట కోర్టు నమ్మదు," అన్నాడు కానిస్టేబుల్. అప్పలనర్సమ్మ స్తంభం పట్టుకుంది.

శ్రీదేవి మళ్ళీ గోడ చూసింది. "అమ్మవారి మెడ బోసిగా ఉందేం?"

"నగలు ఇంకా వెయ్యలేదు మేడమ్. కిరీటం, ముత్యాలు, చీర అంచు, అన్నీ అయ్యాకే కళ్ళు. ఆరోజు మాస్టారు ఉపవాసముండి ముహూర్తం చూసి తెరిపిస్తారు. ఆ తర్వాత బొమ్మమీద ఇంక కుంచె పెట్టకూడదు."

చెప్తూ ధనుంజయ్ మొదటిసారి గోడవైపు తలెత్తాడు.

"ఇవి మా మాస్టారు తెరిచిన కళ్ళు కావు."

తొమ్మిదీ పదిహేను. అందర్నీ మండపంలో నిలబెట్టింది శ్రీదేవి.

"నగలు వెయ్యకుండా మాస్టారు కళ్ళు తెరవడు. శిష్యుడూ తెరవడు. ఆ పద్ధతి తెలియనివాడే తెరిచాడు. మాస్టారు ఈ ఉత్తరం గోడ దగ్గర పనిచేస్తూ పడ్డాడని చూపించాలి. అందుకు తడిరంగు కావాలి. ఖాళీగా కనపడ్డవి కళ్ళే."

శ్రీదేవి దక్షిణం గోడవైపు నడిచింది.

"శవం వేళ్ళకి నలుపు లేదు. పసుపు రంగుంది. తడి పసుపు ఈ దక్షిణం గోడమీది నరసింహస్వామి బొమ్మ కిరీటానికే ఉంది. ఇక్కడి పరంజాలో ఒక్క చెక్క మాత్రం కొత్తది. పాతదేది తారక్?"

తారక్ నేలమీద కూలబడ్డాడు. "గోడౌన్‌లో ఉంది. విరిగిపోయింది మేడమ్. నేనొచ్చేసరికే ప్రాణం లేదు. నామీదకొస్తుందని ఇటు ఈడ్చాను."

"అది చాలక కుర్రాడి మీదకి తోశావు."

తారక్‌ని జీపెక్కించారు.

"నీ కొడుకుని తీసుకెళ్ళమ్మా."

అప్పలనర్సమ్మ కదల్లేదు. కొడుకు వినకుండా దగ్గరకొచ్చింది.

"రోజూ పైకి ముందు మావోడే ఎక్కుతాడమ్మా. సెక్క కిర్రుమంటందని నిన్న నాతో అన్నాడు. నాకు గుండె జారిపోయింది. అందుకే పొద్దున్న లేపలేదు."

రిపోర్టు రాస్తున్న శ్రీదేవి కలం ఆపింది.

"ఆ పెద్దాయన ఎదురుసూసి ఎదురుసూసి ఒక్కడే ఎక్కేసేడు కదమ్మా. ఈ మాట మావోడికి సెప్తారేటి?"

"నేను చెప్పను. నువ్వు చెప్తావా?"

అప్పలనర్సమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"అమ్మా, పద," అన్నాడు ధనుంజయ్.

ఆమె కొడుకు మణికట్టు పట్టుకుంది, రోడ్డు దాటేటప్పుడు పసివాణ్ణి పట్టుకున్నట్టు. వీధి మలుపు తిరిగేదాకా అతని మొహంలోకి చూడలేదు.