పందొమ్మిది కొట్టిన గడియారం

పొద్దున్న ఆరు కావస్తోంది. వంటింట్లో పాలు పొంగడానికి సిద్ధంగా ఉన్నాయి. ముందుగదిలో వాచీల మేస్త్రి ముక్కు కూడా అంతే.

ఆయన గబగబా పని గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. మూలన మనిషెత్తు గంటల గడియారం ఉంది. ఎవరో బాగుచేయమని దింపి, మళ్ళీ ఇటు రాలేదు. మేస్త్రి దాని అద్దం తలుపు తీసి, లోలకం పక్కనుంచి తల లోపలికి దూర్చి, మొహానికి తువ్వాలు అదుముకుని తుమ్మాడు. ఆ అదురుకి లోపలి సుత్తి ఊగి గంట మీద పడింది. ఠంగ్. మళ్ళీ తుమ్మాడు. ఠంగ్. అలా సరుకంతా గడియారంలో దించేశాక, జుట్టు సవరించుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చి, భార్య చూస్తుండగా రెండే రెండు తుమ్ములు తుమ్మాడు. అసలు తుమ్మకపోతే అనుమానం వస్తుందని ఆయన ముందుచూపు.

"రెండే!" అంది టైలరమ్మ, గోడ క్యాలెండర్ మీద పెన్సిల్‌తో ఆ అంకె వేస్తూ. "పాత ఊళ్ళో ముప్పైకి తగ్గేవి కావు. ఎంతైనా సముద్రపు గాలి సముద్రపు గాలేనండీ."

"మరే" అన్నాడు మేస్త్రి, నోటితో గాలి పీలుస్తూ.

వాచీలు బాగుచేసేవాడికి తుమ్ము చిన్న జబ్బు కాదు. ఆవగింజలో ఆరో వంతుండే మరలు ఒక్క దెబ్బకి దేశాంతరం వెళ్ళిపోతాయి. పాత ఊళ్ళో ఒక మర ఎదురింటి పూలకుండీలో దొరికింది. ఒక పెళ్ళికూతురి వాచీలోని సెకన్ల ముల్లు ఇప్పటికీ ప్రయాణంలోనే ఉంది. "సముద్రం పక్కకి మారిపోండి బావా, ఆ ఉప్పుగాలికి ముక్కు కడిగిన ముత్యంలా అవుతుంది" అని బావమరిది సలహా ఇచ్చాడు. ఆ బావమరిదికి సముద్రంతో పరిచయం సబ్బు పెట్టె మీది బొమ్మ వరకే.

టైలరమ్మ మాత్రం ఇంకో మాట అడగలేదు. బజార్లో ఇరవయ్యేళ్ళు నడిపిన కుట్టు షాపు వారం రోజుల్లో మూసేసింది. "బట్టలు ఎక్కడైనా కుట్టుకోవచ్చు. మీకు ముక్కు ఒక్కటేగా ఉంది" అని రెండు మిషన్లూ లారీ ఎక్కించింది.

ఆ మాటే మేస్త్రికి ముల్లులా గుచ్చుకుంది. ఇక్కడ మొదటి రెండు నెలలూ బాగానే గడిచాయి. ముసురు పట్టగానే పాత తుమ్ములు కొత్త తుమ్ముల్ని వెంటేసుకుని దిగాయి. నా కోసం అంత పని చేసిన మనిషికి, ఇదంతా దండగైందని ఏ నోటితో చెప్పను? అనుకున్నాడు. గడియారం నోరు వాడుకున్నాడు. "గంటల చక్రం పాడైందోయ్, ఇష్టమొచ్చినట్టు కొడుతోంది. చూస్తున్నాను" అని భార్యతో అన్నాడు. ఎనిమిది నెలలుగా చూస్తూనే ఉన్నాడు.

ఆ రోజు పదింటికి ఇంటి ఓనరమ్మ వస్తుంది. ఇంకో మూడేళ్ళకి అగ్రిమెంట్ మీద సంతకాలు పెట్టాలి. హాస్టల్ నుంచి రాత్రే వచ్చిన కూతురు, చెవి కమ్మ బీరువా వెనక పడిందని పడగ్గదిలో బీరువా జరుపుతోంది.

"అమ్మా! నాన్నా! ఒక్కసారి ఇలా రండి!"

బీరువా వెనక గోడంతా నల్లగా, పచ్చగా బూజు పట్టి ఉంది. మందపాటి వెల్వెట్ గుడ్డ అతికించినట్టుంది. దాని పక్కనే మేస్త్రి తలగడ.

మేస్త్రికి గడియారం దాకా వెళ్ళే వ్యవధి చిక్కలేదు. అక్కడే మొదలెట్టాడు. కూతురు పదహారు దాకా లెక్కపెట్టి ఆపేసింది.

"రోజుకి రెండే అని ఫోన్లో చెప్పారు కదా నాన్నా?"

"ఇవాళ బీరువా దుమ్ము లేచింది కదమ్మా..."

"కళ్ళ కింద ఆ వాపు కూడా ఇవాళే లేచిందా?"

"నాకేం ఇబ్బంది లేదన్నాను కదా. ఓనరమ్మ వస్తుంది, సంతకం పెట్టేద్దాం."

"పెట్టేసి? మూడేళ్ళు ఇలాగేనా?" కూతురు తల్లి వైపు తిరిగింది. "అమ్మా, పక్కనే పడుకుంటావు. నీకు తెలీదా?"

టైలరమ్మ మంచం అంచున కూర్చుంది. మెడలో వేలాడుతున్న కొలతల టేపు చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది.

"తెలుసు" అంది.

మేస్త్రి ముక్కు తుడుచుకుంటున్నవాడల్లా ఆవిడ వైపు తిరిగాడు.

"పొద్దున్న ఆరింటికి పందొమ్మిది కొట్టే గడియారం ఏ లోకంలో ఉందండీ? నిన్నయితే ఇరవై రెండు కొట్టింది. గంటలో నాలుగు వాచీలు విప్పి బిగించే మనిషి, ఒక్క గడియారాన్ని ఎనిమిది నెలలు చూస్తుంటే నాకు అర్థం కాదా?"

"తెలిసే... క్యాలెండర్ మీద రెండు వేస్తున్నావా?" ఆయన గొంతులో కోపం లేదు. అది లేకపోవడమే ఆవిడకి కష్టమైంది. కళ్ళనీళ్ళు గిర్రున తిరిగాయి.

"షాపులో ఆ దూది నుసి పీల్చి పీల్చి నాకు వాసనే పోయింది కదండీ. పదకొండేళ్ళు. పాలు మాడితే మీరొచ్చి చెప్పాల్సొచ్చేది. ఇక్కడికొచ్చిన మూడో నెలలో మీ చొక్కా ఉతకబోతుంటే, వాచీ నూనె వాసనొచ్చింది. పెళ్ళయిన కొత్తలో వచ్చేదే, అదే. ఆ రోజు ఆ చొక్కా ఉతకలేదు నేను." చెంగుతో కళ్ళు తుడుచుకుంది. "మీ సంగతి ఒప్పుకుంటే వెనక్కి వెళ్ళిపోవాలి. మళ్ళీ అన్నీ పోతాయి. అందుకని గంటలు వింటూ రెండు వేస్తూ వచ్చాను. ఎంత స్వార్థమో చూడండి."

మేస్త్రి వచ్చి పక్కన కూర్చున్నాడు. "నీకు వాసన తెలుస్తోందా? నాకెందుకు చెప్పలేదోయ్?"

"మీరు తుమ్ముతుంటే నేనెలా సంబరపడతాను?"

కూతురు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఈ ఇంట్లో నిజం చెప్తున్నది ఆ గడియారం ఒక్కటే" అంది.

ఓనరమ్మని రేపు రమ్మని, సాయంత్రం ఇద్దర్నీ ముక్కు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. గడియారం సంగతితో సహా కూతురు అంతా చెప్పాక, డాక్టరు ఇద్దరి ముక్కుల్లోకీ టార్చి వేసి చూశాడు.

"సముద్రపు గాలి అందరికీ ఒకేలా పనిచేయదమ్మా. షాపులోని నుసికి దూరమై, ఈ తడిగాలికి మీ ముక్కు తేరుకున్నట్టుంది. ఆయనకి పడనిది సముద్రం కాకపోవచ్చు. ఈ తేమకి గోడ మీద పెరిగే బూజు, పరుపులో చేరే పురుగులు."

"నా పరుపులో పురుగులా?"

"కంటికి కనపడవు. లక్షల్లో ఉంటాయి."

"ఇన్నాళ్ళూ ఇంతమందితో పడుకుంటున్నానా!" అన్నాడు మేస్త్రి.

డాక్టరు నవ్వి, ముక్కులో కొట్టుకునే మందు రాశాడు. ఎండ తగిలే గదిలోకి మారమన్నాడు, బీరువా గోడకి మూరెడు ఎడంగా పెట్టమన్నాడు. "రెండు నెలలు చూద్దాం. తగ్గకపోతే నిజం చెప్పండి. గడియారానికి కాదు, నాకు."

మర్నాడు ఓనరమ్మ మూడేళ్ళ కాగితం పక్కన పెట్టి ఏడాదికే రాసింది. మేడ మీద ఎండ గది ఇచ్చింది. బూజు గోడ చూసి మొహం చెల్లక సున్నం కూడా తనే వేయించింది. మేస్త్రి గడియారాన్ని అరగంటలో బాగుచేశాడు. అందులో పాడైంది ఏమీ లేదు, తువ్వాలు పీచు తప్ప.

రెండు నెలలు గడిచాయి. ఓ పొద్దున్న గడియారం ఆరు కొట్టింది. వంటింట్లో టైలరమ్మ గరిటె పట్టుకుని అలాగే ఆగింది, ఏడో గంట కోసం. అది రాలేదు. మేస్త్రి గుమ్మంలోకి వచ్చి రెండు తుమ్మాడు.

"రెండేనా?" అందావిడ, పెన్సిల్ ఎత్తి.

"ఆగవోయ్, ఇంకోటుంది." మొహం పైకెత్తి కాసేపు అలాగే నిలబడి, మూడోది కూడా ఇచ్చేశాడు.

రెండు నెలలుగా ఖాళీగా ఉన్న క్యాలెండర్ మీద ఆవిడ పెద్దగా మూడు వేసింది. ముసురు పట్టినప్పట్నుంచీ ఆ గోడ మీద పడిన మొదటి నిజమైన అంకె అది. తర్వాత దగ్గరికొచ్చి, ఆయన చొక్కా భుజం దగ్గర ఒక్క క్షణం ముక్కు ఆనించింది.

"మాసిపోయింది, విప్పేస్తాను" అన్నాడు మేస్త్రి.

"ఉంచండి. ఇవాళ ఉతకను."