ఒంటి తుమ్ము

"ఆ కొబ్బరిపాల చారులో విషం కలిపితేనో సార్? రొయ్య పడక గొంతు వాచిపోతేనో? నేను పోతే పోయాను, వాడు తప్పించుకుపోతే?"

ఏజెంట్ దీనమ్మ ఈ మాట అనేటప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. 1983వ సంవత్సరం, అమెరికాలో పిస్కాటవే అనే ఊళ్ళో ఒక మోటెల్ గది. చీఫ్ రామమోహన్ ఆమె చెవిలో చిన్న ఇయర్‌ఫోన్ అమరుస్తున్నాడు, అంతే.

"మీరు చెయ్యాల్సింది భోజనం దీనమ్మగారూ. మనిషి వాడేనని తేలితే 'మామిడిపండు' అనండి. మీ బ్రోచ్‌లో మైకుంది. రోడ్డు అవతల టెలిఫోన్ మెకానిక్కుల వేషంలో ఉన్న అమెరికన్లు వచ్చి పడతారు. తప్పుడు మనిషిని పట్టించామో, మనల్ని ఈ దేశంలోంచి తరిమేస్తారు."

వాడంటే జగన్మోహన్. మూడేళ్ళ క్రితం మన రాడార్ రహస్యాలను బ్యాంకాక్‌లో విదేశీ ముఠాకు అమ్మి, తోటి ఏజెంట్ ఆనందబాబును కాల్చి చంపి, నేరం ఆ చచ్చినవాడి మీదికే నెట్టాడు. ఆనందబాబు దీనమ్మకు ఒక్కగానొక్క కొడుకు. రుజువు లేక ఫైల్లో ఇప్పటికీ వాడి పేరు పక్కన 'ద్రోహి' అనే ఉంది. ఆ మాట ఎలా పాకిందో ఏమో, బాపట్ల చర్చిలో జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టమంటే పెద్దలు నీళ్ళు నమిలారు.

జగన్మోహన్ ఇప్పుడు ఫిలిప్పీన్స్ వ్యాపారి సాంటోస్. ప్లాస్టిక్ సర్జరీతో ముఖం మార్చుకున్నాడు, యాసిడ్‌తో వేలిముద్రలు చెరిపేసుకున్నాడు.

మధ్యాహ్నం ఆ చిన్న థాయ్ హోటల్లో అడుగు పెట్టగానే నిమ్మగడ్డి వాసన గుప్పుమంది. దీనమ్మ తెల్ల విగ్గు సర్దుకుని, కొబ్బరిపాల సూప్, అన్నం తెప్పించుకుని కూర్చుంది. పక్క బల్ల దగ్గర సాంటోస్ తాపీగా తింటున్నాడు. ఎదురుగా ఆకుపచ్చ పట్టు గౌనులో రాధారాణి. రెండు పక్షాల దగ్గరా జీతం పుచ్చుకునే సుందరి. ఆవిడ ఇవాళ ఎటు వైపో రామమోహన్‌కే తెలియదు.

"బాబూ, నీ కాలి దగ్గర తేలు!" అంది దీనమ్మ గొంతు మార్చి, తెలుగులో.

సాంటోస్ కనురెప్ప కదల్లేదు.

'వీడు కాదేమో! వట్టి వ్యాపారేనేమో! రామా... అయ్యో ప్రభువా, ఏం చెయ్యను?' అని ఆమె అనుకుంటూండగానే అతను బ్రీఫ్‌కేసు పట్టుకుని లేచాడు. బయట నల్లకారు ఇంజను ఆపకుండా ఎదురుచూస్తోంది. లోపల ముఠా మనుషులు. ఆ కారెక్కితే ఇక దొరకడు.

అప్పుడే వంటింట్లో ఎవరో కాగే నూనెలో ఎండుమిరపకాయలు పడేశారు. ఘాటు నసాళానికి అంటింది.

"హాచ్!"

ఒకే ఒక్క తుమ్ము. చెడగొట్టాననుకుంది దీనమ్మ.

తలుపు మీద చెయ్యి వేసిన సాంటోస్ ఆగిపోయాడు. వెనక్కి వచ్చాడు. కుర్చీలో కూర్చుని, గ్లాసెత్తి ఒక గుక్క మంచినీళ్ళు తాగాడు.

దీనమ్మ విగ్గు తీసి బల్ల మీద పెట్టింది.

"మా ఇంట్లోనూ ఇంతేగా జగన్మోహన్! నా చేతి చేపల పులుసు తిని బయల్దేరుతుంటే మావాడు తుమ్మాడు. కూర్చుని నీళ్ళు తాగి మరీ వెళ్ళావు. ముఖం మార్చిన డాక్టరు దీన్ని మార్చలేకపోయాడేం నాయనా?"

అతని చెయ్యి జేబులోని పెన్ను తుపాకీ మీదికి పోయింది. దీనమ్మ సలసల కాగే సూప్‌ను ఆ చేతి మీద కుమ్మరించింది. అతను కెవ్వుమన్నాడు. రాధారాణి హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న పిస్టల్ తీసి, ఒక్క క్షణం ఆలోచించి, అతని కణతకు ఆనించింది.

"ఇవాళ మీ వైపే ఆంటీ," అంటూ రెండో చేత్తో బ్రీఫ్‌కేసు పిడి తిప్పి అందులో ముఠా కోసం దాచిన మైక్రోఫిల్మ్ లాగేసింది.

"కోడ్ వర్డ్! కోడ్ వర్డ్ చెప్పండి!" ఇయర్‌ఫోన్‌లో రామమోహన్ మొత్తుకుంటున్నాడు.

దీనమ్మ చెప్పలేదు. ఖాళీ బ్రీఫ్‌కేసు తీసి జగన్మోహన్ ఒళ్ళో పెట్టింది.

"వెళ్ళు. నేను ఆపను. నీ స్నేహితులు కారులోనే ఉన్నారు. సరుకేదంటే ఏం చెప్తావో చెప్పుకో. వాళ్ళు నిన్ను నిలువునా చీరేస్తే ఈ కిటికీలోంచి చూస్తూ అన్నం తింటాను. లేదూ, రాడార్ రహస్యాలు ఎవరు అమ్మారో ఇక్కడే చెప్పు. ఈ బ్రోచ్ వింటోంది."

బయట కారు హారన్ మోగింది. కారు తలుపు తెరుచుకుని ఇద్దరు దిగారు. వాళ్ళు ఫుట్‌పాత్ ఎక్కారు. అతని నుదుటి మీద చెమట కొత్త ముక్కు మీదుగా జారి పళ్ళెంలో పడింది. దీనమ్మ చెంచా తీసుకుని అన్నం కలుపుకోవడం మొదలుపెట్టింది.

వాళ్ళ నీడ అద్దాల తలుపు మీద పడ్డాక, అతను నోరు తెరిచాడు. అచ్చమైన తెలుగులో.

"మీవాడు ఏ పాపం ఎరగడు దీనమ్మగారూ. అమ్మిందీ నేనే, చంపిందీ నేనే. ముందు ఆ తలుపు గడియ పెట్టించండి!"