ఫారంలో మూడో ప్రశ్న

ఉతకబోయే బట్టల జేబులు వెతకడం ఇంట్లోనే బట్టలు కుట్టే ఆ ఇల్లాలికి పొద్దున్నే మొదటి పని. చిల్లరో, గుండీలో ఉండిపోతాయని పైకి చెప్పేది. మన మధ్య దాపరికం ఎందుకు గానీ, ఆమె వెతికేది కూతురి జేబులే.

ఆ కూతురు గువ్వను ఏడాది పిల్లగా ఉన్నప్పుడు దత్తత తెచ్చుకున్నారు. ఆ సంగతి పిల్లకు ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు. తెలియనిది ఒక్కటే. శిశుగృహం వాళ్లిచ్చిన కాగితంలో, కన్నతల్లికి మనోవ్యాధి ఉండేదనీ ఆసుపత్రిలో చికిత్స చేయించారనీ రాసి ఉంది. ఆ కాగితాన్ని ఈ తల్లి కుట్టుమిషను తొడుగు లోపలి అస్తరులో పెట్టి కుట్టేసింది. ఆనాటినుంచి పిల్ల గట్టిగా నవ్వినా అనుమానమే, ముభావంగా కూర్చున్నా అనుమానమే. రోజూ అర్ధరాత్రి లేచి గది తలుపు దగ్గర నిలబడి ఊపిరి చప్పుడు విని, తలుపు ఓరగా తీసి చూసేది.

ఆవేళ గువ్వ కాలేజీ కోటు జేబులో నాలుగు మడతల ఫారం దొరికింది. పైన మానసిక వైద్యురాలి పేరు, పక్కన వరసగా గురువారాల తేదీలు. గురువారాలు లైబ్రరీకని చెప్పి వెళ్తున్నది ఇక్కడికా!

"ఏంటే ఇది?" అంది, గువ్వ ముఖం తుడుచుకుంటూ రాగానే.

"కనిపిస్తోందిగా. నిద్ర పట్టట్లేదు, గుండె దడ. అందుకే వెళ్తున్నా."

"నిద్ర పట్టకపోవడమేంటి? రోజూ చూస్తున్నాగా, హాయిగా పడుకుంటావు!"

"తలుపు కింద నీ కాళ్ల నీడ కనబడగానే కళ్లు మూసుకుంటానమ్మా. ఆరో క్లాసునుంచీ అదే పని. నేను మేలుకుని ఉంటే నువ్వు కంగారుపడతావని."

అనుమానం అంత తేలిగ్గా వదులుతుందా?

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఇదిగో, ఇలా చూస్తావని. నాకేదో అయిపోతుందని చిన్నప్పట్నుంచీ కాచుక్కూర్చున్నట్టే చూస్తావు. ఏమవుతుందో మాత్రం చెప్పవు." గువ్వ ఫారం మీద వేలు పెట్టింది. "ఆ మూడో ప్రశ్న చూడు. కుటుంబంలో ఇంకెవరికైనా ఇలాంటి బాధ ఉందా అని. డాక్టరమ్మ రెండుసార్లు అడిగింది. నాకేం తెలుసని రాయను?"

బస్సు డ్రైవరైన తండ్రి డ్యూటీకి బయల్దేరబోతూ గుమ్మంలో ఆగాడు. "ఇంకెన్నాళ్లు దాస్తావు? ఇచ్చెయ్యి."

"తెలిస్తే బెంగ పెట్టుకుంటుందండీ!"

"తెలియకుండానే పెట్టుకుంది కదా."

ఆమె కత్తెర తీసి తొడుగు కుట్లు విప్పింది. తొందరలో గుడ్డ చిరిగింది. గువ్వ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది.

"ఇంతేనా? కన్నవాళ్లకి ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం కాస్త ఎక్కువట గానీ, వచ్చి తీరాలనేం లేదట. పెరిగిన ఇల్లు కూడా లెక్కేనంది డాక్టరమ్మ."

పెరిగిన ఇల్లు అనగానే తల్లి కత్తెర కింద పెట్టేసింది. జబ్బు రక్తంలోంచి వస్తుందేమోనని పద్దెనిమిదేళ్లు కాపలా కాసింది. ఆ కాపలాయే పిల్లకు నిద్ర లేకుండా చేసిందేమోనని ఒక్కనాడూ అనుకోలేదు. కట్టలు తెగినట్టు ఏడ్చేసింది.

గువ్వ ఆమెను కాసేపు పొదివి పట్టుకుని, తర్వాత మూడో ప్రశ్న కింద కన్నతల్లి సంగతి రాసింది. పెన్ను మూయబోతుంటే తల్లి చేయి పట్టుకుని ఆపింది.

"ఇంకా ఉంది, రాయి. పెంచిన తల్లికి పద్దెనిమిదేళ్లుగా సరైన నిద్ర లేదని రాయి. గురువారం నేనూ వస్తాను, చూపించుకోడానికి."

గువ్వ కళ్లు తుడుచుకుంటూ రాసింది. గడిలో చోటు చాలక, అమ్మ సంగతి కాగితం అంచు దాకా వచ్చింది.